వంటనూనె సగానికి పైగా దిగుమతే అయితే, మన నూనె గింజల రైతుకు లాభం ఎందుకు రాదు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మాది కదిరి వైపు. ఊళ్లో నాన్నగారి పేరు మీద ఆరెకరాల ఎర్ర నేల, ఒక బోరు ఉన్నాయి, నీళ్లు అంతంత మాత్రం. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే అని చదివాను. ఇంత గిరాకీ ఉన్నప్పుడు వేరుశనగో పొద్దుతిరుగుడో వేసి, గానుగ పెట్టి, ఇక్కడ అపార్ట్‌మెంట్లలో అమ్మితే బాగుంటుంది కదా? పామాయిల్ తోట వేయమని బంధువు ఒకాయన చెబుతున్నారు. మీరేమంటారు?"

మీ ప్రశ్నలో ఒక లెక్క దాగి ఉంది. దేశానికి నూనె కొరత ఉంది కాబట్టి నూనె గింజలు పండించినవాడికి మంచి ధర రావాలి అని. న్యాయంగా అలాగే ఉండాలి. కానీ ఈ వ్యాపారంలో కదిరి రైతు కాయ ధరను కదిరిలో కొరత నిర్ణయించదు. మలేషియాలోని కౌలాలంపూర్‌లో పామాయిల్ ఎంత, ఢిల్లీలో దిగుమతి సుంకం ఎంత, ఈ రెండూ కలిసి నిర్ణయిస్తాయి. నాది హిందూపురం. ఇక్కడ బెంగళూరు తరగుపేట మార్కెట్లో నూనెల బ్రోకరుగానూ, కర్ణాటకలోని చళ్లకెర మిల్లులకు గింజలు కొనిపెట్టేవాడిగానూ చాలా ఏళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

దేశం ఏడాదికి 250 లక్షల టన్నుల అటూఇటూ వంటనూనె వాడుతోంది. నూనె వ్యాపారంలో ఏడాదిని నవంబరు నుంచి అక్టోబరు దాకా లెక్కగడతాం. ఆ లెక్కన దిగుమతి కొన్నేళ్లుగా 160 లక్షల టన్నుల దగ్గరే నిలిచింది. 2022-23లో 165 లక్షల టన్నుల దాకా వచ్చింది, ఖరీదు సుమారు 1.38 లక్షల కోట్ల రూపాయలు. ఇందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. సోయా నూనె ఎక్కువగా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్ నుంచి వస్తాయి.

"మా ఇంట్లో పామాయిల్ వాడం" అని చాలామంది అంటారు. నిజమే కావచ్చు. కానీ బేకరీ పఫ్‌లో, బిస్కెట్‌లో, చిప్స్ ప్యాకెట్‌లో, నూడుల్స్‌లో, సాయంత్రం బండి మీద వేగే బజ్జీలో తింటున్నది చాలావరకు అదే. ఇంటి వంటగదిలోకి సీసాలో వచ్చేది సన్‌ఫ్లవర్, బయట కడుపులోకి పోయేది పామాయిల్. దక్షిణాదిలో చాలా ఇళ్ల సంగతి ఇంతే.

ఇప్పుడు అసలు విషయం, ఎకరానికి ఎంత నూనె వస్తుందో చూద్దాం. దీన్ని లెక్కగట్టకుండా స్వయంసమృద్ధి గురించి మాట్లాడితే అది ఉపన్యాసమే.

మీ నేలలో వాన బాగా కలిసొచ్చిన ఏడు ఆరు క్వింటాళ్ల కాయ వచ్చిందనుకుందాం. కాయలో పప్పు డెబ్భై శాతం. అంటే 420 కిలోల పప్పు. గానుగలో వంద కిలోల పప్పుకు నలభై కిలోల నూనె దిగితే బాగా దిగినట్టు. అంటే ఎకరాకు 168 కిలోల నూనె. వాన మొండికేసిన ఏడు కాయే రెండు క్వింటాళ్లు దాటదు, అప్పుడు నూనె ఎంతో మీరే లెక్కేసుకోండి.

సోయా చూడండి. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో లక్షల ఎకరాల్లో వేస్తారు. మన దేశ సగటు దిగుబడి హెక్టారుకు టన్ను దరిదాపుల్లో ఉంటుంది, ఎకరాకు నాలుగు క్వింటాళ్లు. గింజలో నూనె 18 శాతం. అంటే ఎకరాకు 72 కిలోలు. మిగతా 80 శాతం పిండి, కోళ్ల దాణాకు పోతుంది. నన్నడిగితే సోయాను నూనె పంటల జాబితాలోంచి తీసి దాణా పంటల్లో కలపాలి. 2024లో ఏం జరిగిందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది, కింద చెబుతాను.

పామాయిల్ సంగతి వేరే లోకం. నీళ్లు, ఎరువు సరిగా అందిన తోటలో ఎకరాకు ఏడాదికి ఎనిమిది టన్నుల గెలలు కోయడం గోదావరి జిల్లాల్లో మామూలు విషయం. గెలలో నూనె 17 నుంచి 19 శాతం. అంటే ఎకరాకు దాదాపు 1,400 కిలోలు. మీ మంచి ఏడాది వేరుశనగకు ఎనిమిది రెట్లు, సోయాకు దాదాపు ఇరవై రెట్లు. ఇండోనేషియావాడు చవగ్గా ఎలా అమ్మగలుగుతున్నాడు అంటే, ఆ చెట్టు గుణమే అది.

దీన్ని దేశం మొత్తానికి పెట్టి చూడండి. 160 లక్షల టన్నుల దిగుమతిని వేరుశనగ లాంటి పంటలతో భర్తీ చేయాలంటే, హెక్టారుకు 400 కిలోల నూనె లెక్కన కొత్తగా నాలుగు కోట్ల హెక్టార్లు కావాలి. ఇప్పుడు తొమ్మిది రకాల నూనె గింజలన్నీ కలిపి వేస్తున్నదే మూడు కోట్ల హెక్టార్ల దరి. వరి తీసేస్తారా, గోధుమ తీసేస్తారా, పత్తి తీసేస్తారా? పైగా ఉన్న నూనె గింజల భూమిలో 70 శాతానికి పైగా వానాధారమే. నీళ్లున్న చోట రైతు వరి, చెరకు, మొక్కజొన్న వేసుకుని, నీళ్లు లేని చోటుకే నూనె గింజలను నెట్టాడు. వరికి కొనేవాడు ఖాయం, వేరుశనగకు ఖాయం కాదు. రైతు తెలివితక్కువవాడు కాదు కాబట్టే ఇలా జరిగింది.

అయితే ఒకప్పుడు మనం దాదాపు సొంతంగా నిలబడిన మాట కూడా నిజం. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనె గింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది. అప్పటికి దేశంలో నూనె గింజల దిగుబడి ఏడాదికి 108 లక్షల టన్నులు. తొంభైల మధ్యకు అది 240 లక్షల టన్నులకు చేరింది. విత్తనం, సలహాలు బాగుపడ్డ మాట నిజమే, కానీ నా దృష్టిలో అసలు పని చేసింది ఇంకోటి. అప్పట్లో నూనె దిగుమతి ప్రభుత్వం చేతుల్లో ఉండేది. ఎంత తేవాలో వాళ్లే నిర్ణయించేవాళ్లు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, అమూల్ కురియన్ గారి ఆధ్వర్యంలో, మార్కెట్లోకి దిగి ధర బాగా పడితే కొని, బాగా పెరిగితే అమ్మి, ఒక హద్దులో ఉంచడానికి చూసింది. ధారా బ్రాండ్ పుట్టింది అప్పుడే, 1988లో. మన రాష్ట్ర సహకార సంస్థ ఆయిల్‌ఫెడ్ వారి విజయ నూనె కూడా ఆ కాలంలో ఇంటింటి పేరు. రైతుకు ధర మీద నమ్మకం కుదిరింది, విస్తీర్ణం దానంతటదే పెరిగింది. 1992-93లో దిగుమతి లక్ష టన్నుల దరికి పడిపోయింది.

తర్వాత తలుపులు తెరిచారు. 1994లో పామోలిన్‌ను 65 శాతం సుంకంతో ఎవరైనా తెచ్చుకోవచ్చన్నారు. 1995లో మిగతా నూనెల్లో చాలావాటికీ తలుపు తెరిచి, సుంకం 30 శాతానికి దించారు. 1998కి అది 15 శాతం. ఆ నూనె సంవత్సరం, 1998-99లో, దిగుమతి నలభై లక్షల టన్నులు దాటింది. ఆరేళ్లలో లక్ష నుంచి నలభై లక్షలకు. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు ఇంకో ముడి కూడా పడింది. పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మనకుంది, కానీ సోయా నూనె మీద 45 శాతం దాటకూడదు. పామాయిల్‌ను ఎంత బిగించినా పక్క సందులోంచి సోయా వస్తుంది.

అప్పట్నుంచి ఇప్పటిదాకా ఈ సుంకం ఎక్కడా స్థిరంగా నిలవలేదు. 2008లో ధరలు మండితే ముడి నూనెల మీద సున్నా. 2018లో ముడి పామాయిల్ మీద 44 శాతం, శుద్ధి చేసినదాని మీద 54. 2021లో కొవిడ్ ధరలకు మళ్లీ దించుతూ వచ్చి, దాదాపు సున్నా. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా ఇండోనేషియా పామాయిల్ ఎగుమతినే ఆపేసింది. బెంగళూరులో సన్‌ఫ్లవర్ లీటరు 200 రూపాయల దరికి పోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. తరగుపేటలో పొద్దున చెప్పిన రేటు మధ్యాహ్నానికి నిలవని కాలం అది, బ్రోకర్లకే టెన్షన్. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతం చేశారు, సెస్సులతో కలిపి 27.5. ఎనిమిది నెలలు తిరిగిందో లేదో, 2025 మే 30న దాన్ని పదికి దించారు, సెస్సులతో 16.5.

ఈ తేదీలన్నీ ఎందుకు ఏకరువు పెట్టానంటే, వీటి వరస చూడండి. నగరంలో నూనె ధర పెరిగినప్పుడల్లా సుంకం దిగింది, అదీ వెంటనే. రైతు ధర పడినప్పుడు సుంకం పెరగడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టింది. ప్రభుత్వాలు మారినా ఈ తీరు మారలేదు. ఎవర్నీ తప్పుపట్టలేం కూడా. నూనె కొనేవాళ్లు 140 కోట్ల మంది, పండుగల ముందు ధర పెరిగితే గొడవ అవుతుంది. కానీ పామాయిల్ తోట ముప్ఫై ఏళ్ల పెట్టుబడి, వేరుశనగ నాలుగు నెలల పెట్టుబడి. విత్తేటప్పుడున్న సుంకం కాయ పీకేటప్పుడు ఉంటుందో లేదో తెలియని చోట ఎవడు డబ్బు పోస్తాడు? మన దిగుమతి జబ్బుకు నేను చూసిన అసలు కారణం ఇదే. భూమి, విత్తనం, దిగుబడి అన్నీ దీని తర్వాతే.

సోయా సంగతి చెబుతానన్నాను. 2024 సీజనులో మద్దతు ధర క్వింటాలుకు 4,892. మార్కెట్లో అంతకన్నా తక్కువే నడిచింది. సుంకం పెంచారు, నూనె ధర పెరిగింది, గింజ ధర మాత్రం పెద్దగా కదల్లేదు. ఎందుకంటే గింజ విలువలో పెద్ద భాగం పిండిది. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో మొక్కజొన్న, బియ్యం వాడాక మిగిలే పిప్పి దాణాగా చవగ్గా మార్కెట్లోకి వచ్చి సోయా పిండి ధరను కిందికి లాగింది. పెట్రోల్‌లో ఇథనాల్ కలిపే పాలసీ ఇండోర్ సోయా రైతు జేబును తాకుతుందని మొదట్లో ఎవరూ అనుకోలేదు.

పామాయిల్ గెలలకు మాత్రం అదే సుంకం వెంటనే పనిచేసింది. తెలంగాణలో గెలల ధర టన్నుకు 14 వేల దరి నుంచి కొద్ది నెలల్లో 20 వేల దాకా వెళ్లింది. అంతర్జాతీయ ధర కూడా కలిసొచ్చిందనుకోండి. గెల విలువంతా నూనె మీదే ఉంటుంది కాబట్టి సుంకం నేరుగా రైతుకు తగులుతుంది, పైకైనా కిందికైనా.

ఇక మీ బంధువుగారి సలహా. పామాయిల్ మంచి పంటే, కానీ మీ నేలకు కాదు. ఎండాకాలంలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్ల చుట్టూ నీళ్లు కావాలి. ఎకరాకు 57 చెట్లు. మీ ఆరెకరాలకు రోజుకు 68 వేల లీటర్లు. మీ బోరు ఏప్రిల్‌లో ఎంత పోస్తుందో నాన్నగారిని అడగండి, జవాబు అక్కడే దొరుకుతుంది. పైగా గెల కోసిన ఇరవైనాలుగు గంటల్లోపు మిల్లు చేరాలి, లేకపోతే పులిసి నూనె చెడుతుంది. పెదవేగి, అశ్వారావుపేటల చుట్టుపక్కల తోటలు నిలదొక్కుకున్నాయంటే పక్కనే మిల్లు ఉంది, కింద నీళ్లు ఉన్నాయి. అక్కడ కూడా బోర్లు లోతుకు పోతున్నాయన్న బాధ ఉంది. మొదటి మూడు నాలుగేళ్లు ఆదాయం రాదు.

దేశం మట్టుకు చూస్తే పామాయిల్ తప్ప దిగుమతిని గట్టిగా తగ్గించే దారి నాకు కనిపించదు. పెదవేగిలోని ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ దేశంలో ఈ పంటకు పనికొచ్చే భూమి దాదాపు 28 లక్షల హెక్టార్లని తేల్చింది. అందులో తొమ్మిది లక్షలు ఈశాన్య రాష్ట్రాల్లో. 2021 ఆగస్టులో 11,040 కోట్లతో జాతీయ మిషన్ పెట్టి, 2025-26 కల్లా పది లక్షల హెక్టార్లు అన్నారు. ఆ లక్ష్యానికి చాలా దూరంలో ఉన్నాం. ఈశాన్యంలో అడవులు పోతాయన్న భయం అబద్ధం కాదు, ఇండోనేషియాలో ఏం జరిగిందో ప్రపంచం చూసింది. మన దగ్గర మాత్రం వరి వేసే నీటి భూమిలో పామాయిల్ వేస్తే నీళ్ల లెక్క మరీ ఘోరంగా ఏమీ ఉండదు. ఈ పోలిక చెప్పకుండా పామాయిల్‌ను తిట్టేవాళ్లతో నాకు పేచీ.

మిగతా గింజల కోసం 2024 అక్టోబరులో 10,103 కోట్లతో ఇంకో మిషన్ ప్రకటించారు. 2030-31 నాటికి నూనె గింజల దిగుబడిని 390 లక్షల టన్నుల నుంచి 697 లక్షలకు తేవాలట. విత్తనం, కొత్త రకాలు, వరి కోసిన మాగాణుల్లో రెండో పంటగా వేయడం, ఇవన్నీ ఉన్నాయి. మంచిదే. ధర గురించి గట్టి మాట లేకపోతే 1986 నాటి ఫలితం రాదు.

పొద్దుతిరుగుడు గురించి అడిగారు. ఈ పంట కథ మీరు వారాంతంలో ఊరికెళ్లే దారి మీదే ఉంది. సోవియట్ విత్తనంతో 1969లో మన దేశానికి వచ్చింది. దాని మొదటి హైబ్రిడ్, బీఎస్‌హెచ్-1, 1980లో ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచే, అంటే హెబ్బాళ దగ్గరి జీకేవీకే వాళ్ల నుంచే వచ్చింది. తొంభైల మొదట్లో దేశంలో పాతిక లక్షల హెక్టార్ల దాకా పాకింది. రాయచూరు, కొప్పళ, బళ్లారి, మన కర్నూలు నల్లరేగళ్లు ఆ సీజనులో పసుపుగా ఉండేవి. ఇప్పుడు అందులో పదో వంతు లేదు. మనం వాడే సన్‌ఫ్లవర్ నూనెలో తొంభై శాతానికి పైగా ఓడలోనే వస్తోంది.

ధర ఒక కారణం. రెండోది తెగులు. 1997లో బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడులో ఒక కొత్త వైరస్ తెగులు కనబడింది. ఆకులు మాడి, మొవ్వు వంకర తిరిగి, పువ్వు విచ్చుకోకుండానే మొక్క పోతుంది. మూడేళ్లలో అదే వైరస్ అనంతపురం వేరుశనగ మీద పడింది. 2000లో మన జిల్లాలో కాండం కుళ్లు తెగులుతో లక్షల ఎకరాలు దెబ్బతిన్నాయి, మీ నాన్నగారికి బాగా గుర్తుంటుంది. గట్ల మీది వయ్యారిభామ మొక్కల్లో ఈ వైరస్ దాక్కుంటుంది. వాటి పుప్పొడిని తామర పురుగులు చేనులోకి మోసుకొస్తాయి. అందుకే చేను చుట్టూ నాలుగు వరసలు జొన్న వేయమంటారు. పువ్వు పూయకముందే వయ్యారిభామ పీకేయమంటారు. ఖర్చు లేని పని, కానీ పక్క చేనువాడు కూడా చేస్తేనే ఫలితం. ఇక చిలకలు. ఊరంతా వేస్తే తలా ఇంత తిని పోతాయి. మీరొక్కరే ఆరెకరాలు వేస్తే మండలంలోని చిలకలన్నీ మీ చేనుకే. ఒక పంట ఊళ్లోంచి ఒకసారి పోతే తిరిగి రావడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి ఊహించండి. మీకు పొద్దుతిరుగుడు వద్దు.

మిగిలింది వేరుశనగ. మీ నేల, మీ వాన, మీ నాన్నగారి అనుభవం అన్నీ దానికే అలవాటుపడ్డాయి. కానీ నూనె కోసం అనుకోకండి. ఇవాళ మంచి వేరుశనగ కాయ నూనె మిల్లుకు పోవడం తగ్గిపోయింది. తినడానికి, చిక్కీకి, మసాలా పల్లీకి, పీనట్ బటర్‌కు, ఎగుమతికి పోతోంది. కార్తీకమాసంలో బెంగళూరు బసవనగుడిలో జరిగే వేరుశనగ కాయల జాతరకు, అదే కడలెకాయి పరిషెకు వెళ్లండి, కాయను కాయగా అమ్మితే ఏ ధర పలుకుతుందో కళ్లారా కనబడుతుంది. మిల్లుకు వచ్చేది చాలావరకు ముక్క, సన్న గింజ, రంగు మారినది. తినే ధరకు అమ్ముడయ్యే పప్పును నూనె చేయడం అంటే విలువ తగ్గించుకోవడమే.

గానుగ లెక్క కూడా వేద్దాం. 2025-26కి వేరుశనగ కాయ మద్దతు ధర క్వింటాలుకు 7,263. పప్పుగా మారిస్తే కిలో దాదాపు 104 రూపాయలు. లీటరు నూనె అంటే 910 గ్రాములు. నలభై శాతం దిగుబడికి రెండుంపావు కిలోలకు పైనే పప్పు కావాలి, అంటే 236 రూపాయలు. చెక్క కిలోంపావు వస్తుంది, కిలో నలభై అనుకుంటే యాభై రూపాయలు వెనక్కొస్తాయి. నికరంగా 186. ఇందులో కూలీ లేదు, కరెంటు లేదు, సీసా లేదు, బాడుగ లేదు, బెంగళూరు దాకా రవాణా లేదు, కారిపోయిన, మిగిలిపోయిన సరుకు లేదు. ఇవన్నీ కలిపి, మీకూ నాలుగు డబ్బులు మిగలాలంటే 280, 300కి తక్కువ అమ్మలేరు. రిఫైన్డ్ నూనె అందులో సగం ధరకు పక్క షెల్ఫులో ఉంటుంది. మీ దగ్గర కొనేవాళ్లు ఉంటారు, లేరని కాదు, కానీ వాళ్లు నూనె కాదు, మీ మీది నమ్మకం కొంటారు. నూట ఎనభైకి "స్వచ్ఛమైన గానుగ నూనె" అని బోర్డు పెట్టినవాడి లెక్క ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి. (ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టింది, కాబట్టి పామాయిల్ కలిపారు అని వాట్సాప్‌లో తిరిగే పరీక్షను నమ్మకండి. అసలైన వేరుశనగ నూనె కూడా ఫ్రిజ్ చలికి మడ్డిగా మారి చిక్కబడుతుంది.)

గానుగ పెట్టి తీరాలనుకుంటే ఒక్క విషయంలో రాజీ పడొద్దు. తడి కాయ, బూజు పట్టిన కాయ గానుగలో వేయకూడదు. వేరుశనగ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, కాలేయానికి చెరుపు. పెద్ద రిఫైనరీలో నూనె శుద్ధి చేసేటప్పుడు అది పోతుంది. గానుగ నూనెను మనం వడకట్టి వదిలేస్తాం కాబట్టి కొంత నూనెలోనే ఉండిపోతుంది. కాయ పీకాక గలగలమనేలా ఎండబెట్టడం, పప్పు ఏరడం, ఇదే గానుగ నూనె నాణ్యత అంతా. చెక్క గానుగా, ఇనుప మరా అన్న చర్చ ఆ తర్వాత. విడి నూనె అమ్మకం చట్టరీత్యా కుదరదు, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకుని సీలు వేసిన సీసాలోనే అమ్మాలి.

నేనైతే మీ ఆరెకరాల్లో ఇలా చేస్తాను. నాలుగెకరాలు వేరుశనగ, మధ్యలో ప్రతి ఏడెనిమిది సాళ్లకు ఒక సాలు కంది. వాన మధ్యలో ఎగ్గొట్టినా కంది కాస్త ఆదుకుంటుంది. రకం కదిరి లేపాక్షి గానీ, కదిరి-6 గానీ. ఈ రెండూ మీ ఊరి పరిశోధన కేంద్రం రకాలే. పాత టీఎంవీ-2 రకం 1940లో విడుదలై అరవై ఏళ్లకు పైగా మన పొలాల్లో నడిచింది. దానికి కారణం రైతు మొండితనం అంటారు కొందరు. కానీ అసలు కారణం విత్తనం లెక్క. ఎకరాకు అరవై నుంచి ఎనభై కిలోల విత్తనం కావాలి, వేసినదానికి ఎనిమిది పది రెట్లకు మించి విత్తనం తయారు కాదు. కొత్త రకం ఒక జిల్లాకు సరిపడా తయారయ్యేసరికి ఏళ్లు పడుతుంది. నువ్వులైతే ఎకరాకు రెండు కిలోలు చాలు, అందుకే వాటిలో కొత్త రకం తొందరగా పాకుతుంది. మీరు మొదటి ఏడాది ఒక ఎకరానికి మంచి విత్తనం తెచ్చి, దాన్నే రెండో ఏడాదికి నిలవ చేసుకోండి. కాయగా నిలవ చేయాలి, విత్తే ముందే ఒలవాలి.

బోరు నీళ్లను పంటంతా పంచాలని చూడకండి. స్ప్రింక్లర్ పెట్టుకుని ఊడలు దిగే దశలో, కాయ ఊరే దశలో రెండు మూడు తడులు ఇవ్వగలిగితే చాలు. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయాలి. జిప్సం వేయని చేనులో కాయ పెద్దదిగా కనబడినా లోపల పప్పు సరిగా నిండదు. మిగిలిన రెండెకరాలు మేతకూ, కొర్రకూ వదలండి. కాయ రాగానే కళ్లంలో దళారికి అప్పజెప్పకుండా, ఎండబెట్టి రెండు నెలలు ఆగగలిగితే ధరలో తేడా కనబడుతుంది. ఉద్యోగం ఉన్న మీకు ఆ ఓపిక ఉంటుంది, అప్పుతో విత్తిన రైతుకు ఉండదు. గానుగ కావాలంటే సొంతంగా కొనకండి. కదిరిలోనో హిందూపురంలోనో కూలికి ఆడించే మరలో నాలుగైదు క్వింటాళ్ల పప్పు ఆడించి, మీ అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లకు ఇచ్చి చూడండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ అడిగేవాళ్లు ఎంతమందో తెలిశాక సొంత గానుగ గురించి ఆలోచించవచ్చు.

మీరు అడగలేదు గానీ ఒక మాట. నీతి ఆయోగ్ లెక్క ప్రకారం మనిషికి ఏడాదికి వాడుతున్న నూనె 19.7 కిలోలు. ఆరోగ్యానికి చాలునని మన పోషకాహార నిపుణులు చెప్పేది 12 కిలోలు. ఈ తేడాను దేశం మొత్తానికి లెక్కిస్తే కోటి టన్నులు దాటుతుంది. మన దిగుమతిలో అది సగానికి మించి. ఏ మిషనూ పదేళ్లలో అంత నూనె పండించలేదు. నూనెలు అమ్మి బతికినవాణ్ని నేనే ఈ మాట అంటే మా తరగుపేటవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక వచ్చే ఖరీఫ్‌కు మీరు ముందుగా చూసుకోవాల్సింది కాగితాలు. పొలం నాన్నగారి పేరు మీద ఉందన్నారు. సబ్సిడీ విత్తనానికైనా, పంట బీమాకైనా, స్ప్రింక్లర్ల దరఖాస్తుకైనా పట్టాదారు పాసుబుక్కే అడుగుతారు. సాగు ఎవరి పేరు మీద నడవాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకుని, మే నెలలోపే రైతు సేవా కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి. తొలకరి పడ్డాక అక్కడ నిలబడేందుకు చోటుండదు.